మిట్టపాలెంలో చిత్రనష్టం

మిట్టపాలెం కొండమీది టీవీ స్తంభం ఆగిపోయింది ఒక గురువారం సాయంత్రం. ఏడింటి వార్తలకు ముందు వచ్చే సంగీతం సగంలో తెగింది. తెర మీది బొమ్మ ఒకసారి పక్కకు వంగింది. ఆ తర్వాత తెర నిండా చుక్కలు పడ్డాయి.

ఊళ్ళో ఎవరింట్లో వాళ్ళు మొదట టీవీ నెత్తిన రెండు చరిచారు. తర్వాత డాబాలెక్కి యాంటెన్నాలు తిప్పారు. ఒక డాబా మీది మనిషి "వచ్చిందా?" అని కిందికి అరిస్తే అవతలి వీధివాళ్ళు "రాలేదు!" అని చెప్పారు. చీకటి పడేదాకా ఒకరి యాంటెన్నాకు ఇంకొకరు జవాబు చెప్పుకుంటూనే ఉన్నారు.

హైస్కూలు తెలుగు మాస్టారు సర్వోత్తమంగారు డాబా ఎక్కలేదు. ఆయన అత్తగారి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మాణిక్యాంబగారి ముందు కంచంలో అన్నం, బీరకాయ పప్పు ఉన్నాయి. ఆవిడ చెయ్యి కంచం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇవాళ పిల్ల రాలేదేం అల్లుడుగారూ?"

"వాళ్ళ ఆఫీసుకు సెలవనుకుంటానండీ, అత్తయ్యగారూ."

"వార్తలకు సెలవేమిటండీ? లోకంలో ఇవాళ ఏమీ జరగలేదా?"

మాస్టారు కంచంలో ఇంకాస్త పప్పు వేశారు. ఆవిడ కంచం పక్కకు జరిపింది. "రానివ్వండి. వచ్చాకే తింటాను," అంది.

పిల్ల అంటే ఇందుమతి. మాణిక్యాంబగారి ఒక్కగానొక్క కూతురు, సర్వోత్తమంగారి భార్య. ఇందుమతి పోయి ఏడాది కావస్తోంది. ఆ సంగతి తల్లికి చెప్పకపోలేదు. చెప్పారు. ఆవిడ గుండెలు బాదుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున లేచి, "ఇందు ఇంకా లేవలేదా?" అని అడిగింది. మళ్ళీ చెప్పారు. మళ్ళీ మొదటిసారి విన్నట్టే ఏడ్చింది. ఆ తర్వాత చెప్పడానికి మాస్టారికి నోరు రాలేదు.

ఒక సాయంత్రం ఆవిడ టీవీలో వార్తలు చదివే అమ్మాయిని చూపించి, "అదుగో, మన ఇందు. పట్నంలో ఉద్యోగం వచ్చిందని ఒక్క మాటైనా చెప్పలేదు చూశారా!" అంది. చుట్టూ కొండలున్న ఊరు కాబట్టి మిట్టపాలెంలో బొమ్మ ఎప్పుడూ సరిగా వచ్చేది కాదు. ప్రతి మనిషి పక్కనా ఇంకో నీడ మనిషి ఉండేవాడు. ముఖాల మీద ఎప్పుడూ సన్నటి వాన కురుస్తూ ఉండేది. ఆ వానలో ఆ అమ్మాయి ఎవరి కూతురైనా కావచ్చు. మాస్టారు, "కాదండీ," అనబోయారు. అప్పటికే ఆవిడ మారు అన్నం అడిగింది. ఆయన అన్నం వడ్డించారు.

అప్పటినుంచి ఏడింటికి భోజనం. వార్తల అమ్మాయి "నమస్కారం" అంటే ఆవిడ "దీర్ఘసుమంగళీభవ" అనేది. "మళ్ళీ ఆ ఆకుపచ్చ చీరేనా? ఉన్నవన్నీ బీరువాలో పెట్టి ఎవరికి దాస్తావే?" అనేది. కోస్తాలో వానలని చెబితే, "గొడుగు మరిచిపోకు," అనేది. వార్తలయ్యేసరికి కంచం ఖాళీ అయ్యేది.

మర్నాడు స్తంభం సంగతి కనుక్కుందామని మాస్టారు బస్టాండు దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఒక పెద్ద గుడ్డ కట్టి ఉంది. 'నూతన డిజిటల్ ప్రమాణాన్ని ఏకగ్రీవంగా స్వీకరించిన ప్రథమ పట్టణం మిట్టపాలెం! పట్టణ ప్రజలకు ప్రసార పరివర్తన మండలి అభినందనలు!' అని దాని మీద రాసి ఉంది.

"మనం ఎప్పుడు స్వీకరించాం జిలానీ?" అని అడిగారు మాస్టారు. జిలానీకి బస్టాండు ఎదురుగా టీవీలు బాగుచేసే కొట్టుంది.

"వేసవి కాలంలో స్వీకరించామంట మాస్టారూ. నాకూ పొద్దుటే తెలిసింది."

జరిగింది ఇది. పాత పద్ధతిలో ఉండాలా, కొత్త డిజిటల్ ప్రమాణానికి మారాలా అన్న విషయం మీద మండలి వేసవి అంతా విస్తృతమైన ప్రజాచర్చ నడిపింది. పెద్ద పెద్దవాళ్ళు కూర్చుని రెండు పక్షాలా వాదించారు. పేదవాడి టీవీ ఏమవుతుందని ఒకాయన కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడట. ఆ చర్చను పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ప్రసారం చేశారు. కొత్త ప్రమాణంలో ప్రసారం చేశారు. దాన్ని అందుకునే డబ్బా ఊరు మొత్తం మీద ఒక్కటే ఉంది. అది పరివర్తనాధికారి కైవల్యరావుగారి గదిలో ఉంది. అభ్యంతరాలున్నవారు తెర మీద కనిపించే నంబరుకు తెలియజేయాలన్నారు. ఆ నంబరును చూసిన ఏకైక పౌరుడు కైవల్యరావుగారు. ఆయనకు అభ్యంతరం లేదు.

"పోనీ, ఆ డబ్బా ఒకటి నాకు అమ్ము," అన్నారు మాస్టారు.

"అమ్మకూడదంట సార్. ఇది ఆదర్శ పట్టణమంట. డబ్బు పెట్టి కొనుక్కుంటే అది కొనుగోలు అవుద్దంట, వాళ్ళు ఇస్తే పుచ్చుకుంటేనే పరివర్తన అంట. లెక్కలు కలుషితం అవుతాయని డిష్షులు కూడా పోయిన వారం పీక్కుపోయారు గదా. కేబులు తీగలూ చుట్టుకుపోయారు. నా కొట్టులో ఇప్పుడు చుక్కలు తప్ప ఏం చూపించడానికీ లేదు."

ఆ సాయంత్రం మాస్టారు తన ఫోనులో వార్తలు పెట్టి అత్తగారి చేతికిచ్చారు. ఆవిడ కళ్ళజోడు ఎత్తి చూసి, దించి చూసి ఫోను తిరిగి ఇచ్చేసింది.

"అగ్గిపెట్టెలో బొమ్మను చూపించి పిల్ల అంటారేమిటండీ? నన్ను మరీ చిన్నపిల్లను చేస్తున్నారు మీరు," అంది. రెండు ముద్దలు మజ్జిగన్నం తిని చెయ్యి కడిగేసుకుంది.

శనివారం స్కూలు ఒంటిపూట కావడంతో మాస్టారు మండలి కార్యాలయానికి వెళ్ళారు. కైవల్యరావుగారి గదిలో గోడంత టీవీలో ఒక పులి నీళ్ళు తాగుతోంది. దాని మీసాలకు అంటిన బొట్లు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. కైవల్యరావుగారు అటువైపే చూస్తూ మాట్లాడారు.

"డబ్బా ఉచితం మాస్టారూ. మండలి ఆశయమే అది. అయితే అర్హత నిర్ధారించవలసి యున్నది. చిత్రనష్టం సంభవించిన కుటుంబాలకే డబ్బా మంజూరు చేయబడును."

"మా ఇంట్లో బొమ్మ పోయిందండీ."

"పోయిందని మీరంటున్నారు. నష్టాన్ని నష్టపోయినవారే చెప్పుకుంటే నిష్పాక్షికత ఎక్కడున్నది? మా పరిశీలకుడు వచ్చి తెర ఖాళీగా యున్నదని కళ్ళారా చూసి ధ్రువీకరించవలెను. నియమం చాలా సరళంగా యున్నది. తెర ఖాళీగా యుండవలెను. అంతే."

"ఊరంతటికీ ఒక్కసారే పోయింది కదండీ? స్తంభం ఆపింది మీరే కదా?"

కైవల్యరావుగారు మొదటిసారి పులి మీదనుంచి చూపు తిప్పారు. "మేము స్తంభాన్ని ఆపాము మాస్టారూ. మీ ఇంట్లో బొమ్మను మేము ఆపలేదు. రెండింటికీ సంబంధమున్నదో లేదో అధ్యయనం చేయడానికే మండలి యున్నది."

సోమవారం సాయంత్రం పరిశీలకుడు వచ్చాడు. పేరు బాలచెన్నయ్య. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, టీవీ ఎదురుగా కుర్చీ వేసుకుని, మెడలో మండలి బిళ్ళ సరిచేసుకుని తెర కేసి చూశాడు. చుక్కలు బుసబుసమంటున్నాయి. అతను చాలాసేపు చూశాడు. మాస్టారు కాఫీ ఇస్తే, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే తాగాడు.

"ఇది ఖాళీ కాదండీ మాస్టారూ," అన్నాడు చివరికి.

"మరేమిటి?"

"చుక్కలున్నాయండీ."

"బొమ్మ లేదు కాబట్టే చుక్కలు వచ్చాయి నాయనా."

"అది నాకూ తెలుసండీ. మా ఇంట్లోనూ అవేనండీ. కానీ ఖాళీ అని సంతకం పెట్టి, రేపు ఎవరైనా చుక్కలున్నాయంటే నా ఉద్యోగం పోతుందండీ."

ఈలోగా మాణిక్యాంబగారు గోడ పట్టుకుని లోపలినుంచి వచ్చింది. అతని మెడలో బిళ్ళ చూసి, "మీరు మా పిల్ల ఆఫీసు వాళ్ళా?" అంది.

బాలచెన్నయ్య మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నేల వైపు చూశారు.

"ఆఁ... అంతేనండి. అదే శాఖండి," అన్నాడు బాలచెన్నయ్య.

"నాలుగు రోజులయింది తెర మీదికి రాక. పొమ్మన్నారా ఏమిటి దాన్ని?"

"లేదండమ్మా. ఆమె డ్యూటీలోనే ఉన్నారండి. దారి మారిందండి, అంతే."

"దానికి కాస్త నోటి దురుసు. మనసులో ఏమీ ఉండదు. మీ పెద్దాయనతో చెప్పండి."

"చెబుతానండి," అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు తొడుక్కోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

చుక్కలు ఖాళీయా కాదా అన్న ప్రశ్న ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ వచ్చింది. దాన్ని తేల్చడానికి మండలి టౌన్‌హాల్లో సభ పెట్టింది. నగరం నుంచి ఇద్దరు నిపుణులు వచ్చారు. మొదటి నిపుణుడు చుక్కలు శూన్యమని గంటసేపు చెప్పాడు. రెండో నిపుణుడు శూన్యం ఇంత చప్పుడు చేయదని ఇంకో గంట చెప్పాడు. కైవల్యరావుగారు లేచి సమన్వయం చేశారు.

"సభ్యులారా! కార్యక్రమం అనగానేమి? తెర మీద వెలుగు యుండవలెను, కదలిక యుండవలెను, శబ్దం యుండవలెను. చుక్కలయందు ఈ మూడూ యున్నవి. కావున చుక్కలు కార్యక్రమమే అని మండలి తీర్మానించడమైనది."

"అయితే ఆ కార్యక్రమంలో యాక్టు చేసేది ఎవురండీ?" అని వెనకనుంచి జిలానీ అడిగాడు.

"నటీనటుల వివరాలు పరిశీలనలో యున్నవి," అన్నారు కైవల్యరావుగారు.

కార్యక్రమం అయ్యాక దానికి వేళలు ఉండాలి కదా. మర్నాటికి నోటీసు బోర్డు మీద వేళలు పెట్టారు. ఉదయం చుక్కలు, మధ్యాహ్నం చుక్కలు, సాయంత్రం చుక్కలు, ఆదివారం విశేష చుక్కలు. ప్రేక్షకుల సంఖ్య తీయించారు. ఊళ్ళో అందరి టీవీల్లోనూ ఒకే కార్యక్రమం, ఒకే సమయంలో. ఇంత ఆదరణ పొందిన కార్యక్రమం ప్రసార చరిత్రలో లేదని మండలి పత్రిక రాసింది. నల్ల చుక్కలు ఎక్కువగా ఉన్నాయని ఒక రిటైర్డ్ తాసీల్దారుగారు విమర్శిస్తూ ఉత్తరం రాస్తే, ప్రేక్షకుల సూచనలు స్వాగతిస్తున్నామని జవాబు కూడా వచ్చింది.

మాస్టారు ఇదంతా విన్నారు. ఎక్కడా నవ్వలేదు, కోప్పడలేదు. అత్తగారి జాకెట్టు వదులై భుజం దగ్గర జారిపోవడం చూశారు. మళ్ళీ కార్యాలయానికి వెళ్ళారు.

"అయ్యా, చుక్కలు కార్యక్రమమే కావచ్చు. కానీ ముందున్నది పోయింది కదా. ఆ పోయినదైనా నష్టంగా రాయండి," అన్నారు.

కైవల్యరావుగారు ఆలోచనలో పడ్డారు. "సరియైన అంశం లేవనెత్తారు. పోయిందో లేదో తేల్చాలంటే ముందు ఏముండేదో తెలియాలి. పూర్వస్థితిని నమోదు చేయకుండానే స్తంభం ఆపేయడమైనది. ఇది లోపమే. పూర్వస్థితి అధ్యయనం చేయించెదను."

ఆయన అన్నంత పనీ చేశారు. తర్వాతి గురువారం సాయంత్రం ఏడింటికి కొండమీది స్తంభాన్ని మళ్ళీ వెలిగించారు. పోయినదాన్ని కొలవడానికి అదే వేళకు పరిశీలకులను ఇంటింటికీ పంపారు. సంగీతం వచ్చింది. సన్నటి వానలో, పక్కన నీడతో, వార్తల అమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది.

మాణిక్యాంబగారు దీవించడం కూడా మరిచిపోయింది. "ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ? చెప్పి వెళ్ళకూడదూ? మీ ఆయన అబద్ధాలు ఆడలేక చస్తున్నాడు!" అంది. మాస్టారు మారు వడ్డించారు. వంకాయ కూర మళ్ళీ వేయించుకుంది. వాతావరణం చెప్పేటప్పుడు, "సరే, సరే, జాగ్రత్త," అంది.

బాలచెన్నయ్య కుర్చీలో కూర్చుని అంతా చూశాడు. వార్తలు అయ్యాక లేచి, "మాస్టారూ, బొమ్మ వచ్చింది కదండీ..." అని ఆగిపోయాడు.

"ఊఁ."

"బొమ్మ ఉందని రాయాలండీ. ఉంటే నష్టం లేనట్టండీ."

ఆ రాత్రే స్తంభం ఆపేశారు. పొద్దుటికి మండలి ఫలితాలు ప్రకటించింది. పరిశీలన జరిగిన ఇళ్ళన్నింటా బొమ్మ సలక్షణంగా ఉన్నందువల్ల మిట్టపాలెంలో ఎక్కడా చిత్రనష్టం జరగలేదు. అర్జీలన్నీ తిరస్కరించడమైనది. నష్టమే లేకుండా పరివర్తన సాధించిన ప్రథమ పట్టణం కూడా మిట్టపాలెమే. బస్టాండు దగ్గర ఇంకో గుడ్డ కట్టారు.

"మొదటి గుడ్డకి మేకులు నా కొట్టు గోడకే కొట్టారు, దీనికీ నా కొట్టేనంట," అన్నాడు జిలానీ. "రేపు నా కొట్టు బోర్డు కనిపించకపోతే నాకు కొట్టునష్టం ఇస్తారా అని అడిగితే, బోర్డు ఉండేటప్పుడు వచ్చి చూస్తామన్నారు సార్!"

తిరస్కరించిన ప్రతి అర్జీనీ ఒకసారి పునఃపరిశీలించాలని మండలి నియమాల్లోనే ఉంది. అందువల్ల మరుసటి వారం బాలచెన్నయ్య మళ్ళీ రావలసి వచ్చింది. ఈసారి అతనితో కైవల్యరావుగారు కూడా వచ్చారు. చుక్కల కార్యక్రమాన్ని ప్రజల మధ్య కూర్చుని చూడాలని ఆయనకు ముచ్చటగా ఉందట.

వాళ్ళు గుమ్మంలో అడుగుపెట్టేసరికి మాణిక్యాంబగారు టీవీ దగ్గరే ఉంది. నలుగురూ వచ్చిపోయే ఇంట్లో పుట్టిన మనిషి. ఇంటికి పెద్దమనుషులు వస్తే టీవీ మోగుతూ ఉండటం ఆవిడకు మహా అప్రతిష్ఠ. "అయ్యో, రండి బాబూ, కూర్చోండి," అంటూ చెయ్యి చాపి టీవీ కట్టేసింది.

చుక్కలు మాయమయ్యాయి. చప్పుడు ఆగింది. కైవల్యరావుగారు కుర్చీలో కూర్చుని తెర కేసి చూశారు. తెరలో ఆయన ముఖం, దాని వెనక కిటికీ తప్ప ఇంకేమీ లేవు.

బాలచెన్నయ్య నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "సార్, తెర ఖాళీగా ఉందండీ."

"యున్నది," అన్నారు కైవల్యరావుగారు.

"నియమంలో తెర ఖాళీగా ఉండాలనే ఉందండీ. టీవీ వేసి ఉండాలని లేదండీ."

కైవల్యరావుగారు కుర్చీ ముందుకు జరుపుకుని తెరను దగ్గరనుంచి చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు. నియమం నెరవేరితే ఆయనకు నిజంగానే సంతోషం కలుగుతుంది. "వెలుగు లేదు. కదలిక లేదు. శబ్దం లేదు. సంపూర్ణ చిత్రనష్టం! మాస్టారూ, ఇన్నాళ్ళూ ఈ విషయం మా దృష్టికి ఎందుకు తేలేదు?" అన్నారు.

ఆ వారంలో ఊరంతా టీవీలు కట్టేసుకుని కూర్చుంది. పరిశీలకులు వీధుల్లో తిరిగి ఖాళీ తెరలు చూసి సంతకాలు పెట్టారు. మొదటి డబ్బాను సర్వోత్తమంగారి ఇంట్లోనే అందజేయాలని మండలి నిర్ణయించింది. కైవల్యరావుగారు మళ్ళీ వచ్చారు. టీవీకి బంతిపూల దండ వేశారు. డబ్బాకు బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. జిలానీ చిప్పలు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తీగలు తగిలించాడు. ముందు గదిలో వీధివాళ్ళంతా నిలబడ్డారు. మాస్టారు అత్తగారి ముందు కంచం పెట్టి అన్నం వడ్డించి నెయ్యి వేశారు.

ఏడయింది. సంగీతం మొదలై, చివరిదాకా తెగకుండా వచ్చింది. తెర మీద వార్తల అమ్మాయి ప్రత్యక్షమైంది. పక్కన నీడ లేదు. ముఖం మీద వాన లేదు. ఆమె నుదుటి మీద సన్నటి గాటు కూడా తెలుస్తోంది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. "నమస్కారం," అంది. గదిలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మాణిక్యాంబగారు కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మెడ ముందుకు చాపి చూసింది.

"ఈ అమ్మాయెవరండీ?" అంది.

"చూశారా!" అన్నారు కైవల్యరావుగారు ఆనందంగా. "మనిషికీ మనిషికీ తేడా తెలిసిపోతున్నది! పెద్దావిడ చూపుకే ఇంత స్పష్టంగా యున్నదంటే ఇక కుర్రవాళ్ళ సంగతి చెప్పేదేమున్నది? కనురెప్పల వెంట్రుకలు లెక్క పెట్టుకోవచ్చునమ్మా మీరు."

"లక్షణంగా ఉంది పిల్ల. ఎవరి పిల్లో," అంది మాణిక్యాంబగారు. తెరనే చూస్తోంది. "మన ఇందు ఏదీ?"

బాలచెన్నయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జిలానీ కొబ్బరి చిప్పలు కింద పెట్టి, వీధివాళ్ళను మెల్లగా బయటికి నడిపించాడు. కైవల్యరావుగారు లబ్ధిదారుడి అభిప్రాయం నమోదు చేయవలసి ఉన్నదన్నారు.

"బొమ్మ ఎట్లా యున్నది మాస్టారూ?"

"స్పష్టంగా ఉందండీ," అన్నారు సర్వోత్తమంగారు.

"ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?"

"లేదండీ."

వాళ్ళు వెళ్ళిపోయారు. తెర మీద అమ్మాయి కోస్తాలో వానలని చెప్పింది. మాణిక్యాంబగారు కంచం కేసి చూడలేదు. మాస్టారు స్టూలు దగ్గరికి జరుపుకుని, అన్నం తానే కలిపి, ముద్ద చేసి అందించారు. ఆవిడ చేతిలోకి తీసుకుంది. తినలేదు.

"మీరడిగితే చెబుతారు అల్లుడుగారూ. నన్నంటే ముసల్దాన్ని చేసి ఆడిస్తున్నారు. దాన్ని వేరే ఊరు వేశారా?"

"ముందు ఆ ముద్ద తినండి, అత్తయ్యగారూ."

"తింటాను. మీరు చెప్పండి."

నెల తిరిగేసరికి మండలి తన తుది నివేదిక ప్రచురించింది. మిట్టపాలెంలో పరివర్తన నూటికి నూరు పాళ్ళూ పూర్తయింది, బొమ్మ గురించి ఒక్క ఫిర్యాదూ లేదు, చేయవలసిన పని ఇంకేమీ మిగలలేదు అని అందులో ఉంది. కైవల్యరావుగారికి పెద్ద పట్టణానికి బదిలీ అయింది.

ఇందుమతి సంగతి సర్వోత్తమంగారు అత్తగారికి మూడోసారి ఇంకా చెప్పలేదు.